నీళ్లపొయ్యిలో గవ్వలు

పెరట్లో నీళ్లపొయ్యి బూడిద ఎత్తుతున్న హేమలతకు అందులో నాలుగు గవ్వలు దొరికాయి, కాలి పగిలిపోయి, వేలు తగిలితే సున్నంలా రాలిపోతూ.

రేపే పరీక్ష. జగిత్యాలలో నర్సు ట్రైనింగు ఆఖరి పరీక్ష. ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే కోరుట్ల వదిలి భర్త వెంట భీవండి పోవాలి, బట్ట నేసే సాంచాల షెడ్డు పక్కన రేకుల గదిలో నూలు కండెలు చుట్టాలి. అక్కడ పని మందగించి ఊరొచ్చిన భర్త హరిప్రసాద్ దిగిన రోజే తేల్చేశాడు: "సదివింది సాలు. తప్పితె మాట్లాడకుంట బట్టలు సదురుకో."

ఆ గవ్వలు లేకపోతే హేమలత ఇంతదాకా వచ్చేదే కాదు. వంట, బట్టలు, బస్సు, ఆస్పత్రి వార్డు, ఇంటికొచ్చాక ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు. అంతా అయ్యాక పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలిపోయేవి. పోయినసారి పరీక్ష హాల్లో తన పేరు కూడా రాయలేక లేచొచ్చింది. బస్సు దిగి ఇంటికి రాలేదు. రైలు పట్టాల దాకా నడిచి, అక్కడ చాలాసేపు నిలబడి, చీకటి పడుతుండగా తిరిగొచ్చింది. అత్త రాజమణి ఒకసారి కోడలి మొఖం చూసి, బొగ్గుముక్కతో నేల మీద గళ్లు గీసి, కొంగుముడి నుంచి గవ్వలు తీసింది. "రా పిల్లా. ఒక్క ఆట."

అప్పటి నుంచి రోజూ పొద్దుగూకగానే అత్త, కోడలు, బడి నుంచి వచ్చిన కూతురు మనీషా అష్టాచెమ్మకు కూర్చునేవాళ్లు. పొద్దున "గిదేం కూర, ఉప్పు లేదు కారం లేదు" అని సణిగిన రాజమణే, తన కాయ చచ్చినప్పుడు "దొంగదానా, నా కాయే దొరికిందా నీకు" అని పడీపడీ నవ్వేది. ఆ నవ్వు అయ్యాకే హేమలత తలలోకి పాఠం దిగేది.

నిన్న ఓడిపోయి రాజమణి అలిగింది. "నీతోని ఇంక ఆడ" అంది. ఆ మాట గుర్తొచ్చి హేమలత బూడిద ఎత్తిన చాటతో సహా అత్త ముందుకు పోయింది.

"ఎందుకు కాల్చినవ్ అత్తమ్మా? ఆట వద్దంటె వద్దను. రేపు పరీక్ష పెట్టుకొని గిట్ల చేస్తవా?"

రాజమణి బూడిదలోకి చూసి అలాగే కూలబడింది. ముక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. "సిరిసిల్లల మా అవ్వ నా కొంగున కట్టిన గవ్వలు పిల్లా. నేను కాలుస్తనా?"

మరి ఎవరు?

పొద్దున హరిప్రసాద్ నీళ్లపొయ్యి తనే అంటించాడు. పెళ్లయినప్పటి నుంచి ఒక్క పుల్ల అందివ్వని మనిషి. "నువ్వు సదువుకో, నీళ్లు నేను కాగవెట్టుకుంట" అన్నాడు. ఆ ఒక్క మాటకే హేమలతకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత సంతోషంగా చదువుకుంది పొద్దున.

హరిప్రసాద్ తలుపు దగ్గర తల దువ్వుకుంటున్నాడు. హేమలత వంటింట్లోంచి చింతగింజలు తెచ్చి, ఒకవైపు తెల్లబడేదాకా బండకు అరగదీసింది. నేల మీద గళ్లు గీసింది.

"అత్తమ్మా, రా. మనీషా, నువ్వు గూడ. ఒక్క ఆట ఆడి సదువుకుంట. రేపు పరీక్ష రాస్త." గళ్ల మీంచి తల ఎత్తకుండానే అంది, "పాసైనా కాకున్నా నేను భీవండి రాను."

మనీషా గింజలు చేతిలోకి తీసుకుని తండ్రి వైపు చూసింది. "నాలుగో దిక్కు ఖాళీ ఉంది. నువ్వాడుతవా బాపూ?"

దువ్వెన ఆగిపోయింది. హరిప్రసాద్ నేల మీది గళ్ల వైపు చూస్తూ అన్నాడు:

"నేనే ఏసిన పొయ్యిల. మొన్న పొద్దుమూకి వచ్చి గల్మ తలుపుకాడ ఆగిన. లోపల ముగ్గురు నవ్వుతున్నరు. నన్ను గన్న మా అవ్వ గట్ల నవ్వంగ నేనెన్నడు వినలే. నేను కాలువెట్టంగనే అందరు మూతులు ముడుసుకున్నరు, గవ్వలు చాటకింద దాసిండ్రు. నువ్వు తప్పుతవని కాదు హేమా, పాసైతవని, నా ఎంట రావనే కాల్చిన. నేను లేకుంటెనే ఈ ఇల్లు నవ్వుతదని నాకు గా దినమే ఎర్కైంది."