శాకాహారి తూనీగ

శంషాబాద్ తూనీగ పురుగు మాంసం ముట్టదని ప్రపంచంలో అందరికన్నా ముందు కనిపెట్టింది ప్రొఫెసర్ ప్రసన్నలక్ష్మి గారు. కష్టమంతా ఆవిడ దగ్గర పరిశోధన చేసే పూర్ణిమదే అనుకోండి, కానీ కష్టపడడం వేరు, కనిపెట్టడం వేరు.

రెక్కలు రాకముందు తూనీగ నీళ్లలో పురుగుగా బతుకుతుంది, దొరికిన చేపపిల్లనల్లా మింగుతుంది. రోజుకెన్ని మింగుతుందో తేల్చడం పూర్ణిమ పని. మోకాలిలోతు బురదలో దిగి కుంటలోంచి పురుగుల్ని పట్టుకొచ్చింది. గగన్‌పహాడ్ ప్రయోగశాలలో నాలుగు గాజు తొట్లు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక పురుగును, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఇరవై చేపపిల్లల్ని వదిలింది. నెల రోజులు పొద్దున్నే లెక్కపెట్టింది. ఎప్పుడు చూసినా ఇరవయ్యే. పురుగులు మాత్రం కొత్తల్లుళ్లలా ఒళ్లు చేశాయి.

పూర్ణిమకు అనుమానం, మేడంకు ఆనందం. నాచు తిని బతుకుతున్నాయని తేల్చేసి, దిల్లీ సభలో చెప్పడానికి మేడం విమానం టికెట్ కూడా కొనేశారు. పూర్ణిమ థీసిస్ ఇవ్వడానికి నెలాఖరు వరకే గడువు. అది తప్పితే ఐదేళ్ల చదువూ ఆ కుంటలో కలిసినట్టే.

మేడం బయల్దేరిన రోజు, మిగిలిన చేపపిల్లల్ని విడిగా ఉంచిన తొట్టి దాదాపు ఖాళీగా కనిపించింది. షాద్‌నగర్ దగ్గర చేపపిల్లల ఫారంలో పదేళ్లు చేసొచ్చిన అటెండర్ ఐలయ్యను, పిల్లలేమయ్యాయని పూర్ణిమ అడిగింది.

"తక్కువైతే నువ్వు పరేషాన్ అయితవని, నువ్వు రాకముందే ఇరవై చేసి పెడుతున్నమ్మా," అన్నాడు ఐలయ్య, మెచ్చుకుంటుందని చూస్తూ.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఇక్కడ దేవుడితోపాటు ఐలయ్యకూ తెలుసు. పూర్ణిమకు తిట్టాలో ఏడవాలో తోచలేదు.

"ఎన్ని ఏసినవో యాదికున్నదా అన్నా?"

"యాదికెందుకు? ఫారంల ఒక్క పిల్లను తీసినా రాయాల్సిందే."

గోడ మీది క్యాలెండర్ చూపించాడు. ప్రతి తేదీ కింద నాలుగు అంకెలు. చచ్చి తేలినవాటికి పక్కన విడిగా చుక్కలు.

పూర్ణిమ క్యాలెండర్ చంకన పెట్టుకుని క్యాబ్‌లో ఎయిర్‌పోర్టుకు పరిగెత్తింది. మేడం లోపలికి వెళ్లే వరుసలో దొరికారు. అంతా విని, ఇంకెవరు చూశారని అడిగారు. ఐలయ్య అని చెప్పింది.

"అతని మాట ఎవరు నమ్ముతారులే. నీ గడువు గుర్తుందిగా? ఆ క్యాలెండర్ ఇలా ఇవ్వు."

పూర్ణిమ క్యాలెండర్ వదల్లేదు.

"ఇయ్యను మేడం. నా థీసిస్ గిదే."

మేడం పెట్టె ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. దిల్లీలో మాత్రం, తూనీగ పురుగు చేపపిల్లల్ని తెగ తింటుందనీ, ఆ అనుమానం తనకు మొదటినుంచీ ఉందనీ చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. ఇక పూర్ణిమ థీసిస్ మీద సంతకం పెట్టక ఆవిడకు తప్పలేదు.

థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతల కింద ఐలయ్య పేరును పూర్ణిమ చూపిస్తే, అతను దాన్ని దాటేసి, అంకెల పట్టిక దగ్గర ఆగి, వేలు పెట్టి చదివాడు.

"పదిహేడో తారీకు, మూడో తొట్టి ఆరు కాదమ్మా, ఏడు," అన్నాడు.