నోట్లో కరగకూడదు

బైండరుకి పొయ్యి వెలిగించడమంటే జిగురు ఉడకబెట్టడానికే. నలభై ఏళ్లు పుస్తకాలకి అట్టలు వేసిన మనిషి. టీ కూడా భార్య పెట్టి చేతికిస్తేనే తాగాడు, అదీ "ఇంకాస్త చక్కెర వేస్తే నీ సొమ్మేం పోయింది?" అని సణుక్కుంటూ. అలాంటివాడు ఇప్పుడు రోజూ పొద్దున్నే కమలాపండ్లు పిండి, రసం పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, పీచు పోగు ఒక్కటి కూడా మిగల్లేదు కదా అని గ్లాసుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూసుకుంటున్నాడు.  రెండు నెలల నుంచి భయం ఆయనింటికి చుట్టంలా వచ్చి కూర్చుంది, పోనంటోంది.

భార్యని వీధిలో అందరూ రేడియో అనేవారు. బైండింగు బల్లకి అటువైపు కూర్చుని అచ్చు కాగితాల ఫారాలు మడిచి కుట్టేది. కుట్టినంతసేపూ మాట్లాడేది. ఒక మధ్యాహ్నం సూదిలోకి దారం ఎక్కిస్తూ, ఎవరి గురించో ఏదో చెబుతూ, మాట మధ్యలోనే ఆగిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మింగుడు, నాలుగూ ఒక్క గడియలో పోయాయి. కాలు కొంచెం తిరిగొచ్చింది. మాటల్లో మాత్రం ఒకే ఒక్కటి తిరిగొచ్చింది. "పోనీలే." దుప్పటి కప్పనా అంటే పోనీలే. చెల్లెలు ఫోన్ చేస్తే పోనీలే. కోపమొస్తే ఇల్లదిరేలా పోనీలే. అన్ని మాటల్లోకీ అదే ఎందుకు మిగిలిందో దేవుడికే తెలియాలి. ఒంట్లో బాగున్న రోజుల్లో ఆవిడ ఏ ఒక్క విషయాన్నీ పోనిచ్చిన మనిషి కాదు.

మాట పోతే పోయింది, మింగుడు పోవడమే బైండరుని చంపేస్తోంది. మంచినీళ్లు గుక్కెడు తాగితే అవి కడుపులోకి వెళ్లకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయట. పొలమారదు, దగ్గు రాదు. గొంతుకి ఆ తెలివి లేకుండా పోయింది. ఆస్పత్రిలో మొదటివారమే అలా నీళ్లు చేరి జ్వరం పట్టుకుంది. తిండి కోసం ముక్కులోంచి గొట్టం వేశారు. ఆవిడ పీకేసింది. మళ్లీ వేశారు. మళ్లీ పీకేసింది. మూడోసారి వేసి, బాగున్న ఆ ఒక్క ఎడమచేతినీ గుడ్డతో మంచానికి కట్టేశారు. కట్టిన చెయ్యి గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి అడుగుతూ ఉంటే బైండరు చూడలేక వరండాలోకి వెళ్లి గోడకి తల ఆనించుకుని నిలబడ్డాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పాడు, "ఇంకోసారి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక నోటితో తిండి ఉండదు. పొట్టకే గొట్టం పెట్టేస్తాం." ఆ మాట ఆవిడ వింది. ఆవిడ విన్నదని బైండరు చూశాడు.

అందుకని వారానికి రెండుసార్లు ఇంటికొచ్చే ఒకామెని కుదిర్చారు. మింగడం, మాట్లాడటం మళ్లీ నేర్పించడం ఆమె పని. బైండరు ఆమెకి మింగుడు టీచరమ్మ అని పేరు పెట్టేశాడు. నీళ్లని నీళ్లుగా ఇవ్వకూడదు, జెల్లీగా చేసి ఇవ్వాలని చెప్పింది ఆమే. బజారు జెల్లీలు వద్దు, వాటి నిండా చక్కెర, రంగులు. పండ్లరసం తీసి, చైనా గ్రాస్‌తో ఇంట్లోనే చేయమంది. సముద్రపు నాచులోంచి తీసే తెల్లటి పోగులవి. నానబెట్టి, ఉడకబెట్టి, రసంలో కలిపి చల్లారిస్తే గట్టిపడుతుంది.

"మరీ గట్టిగా వద్దండీ. చెంచాతో నొక్కితే మెత్తగా నలగాలి. కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి దించి, అర చెంచా పెట్టండి. మింగాక 'ఆ' అనమనండి. గొంతు పొడిగా వినిపిస్తే ఇంకో చెంచా. తడిగా, గరగరమని వినిపిస్తే ఆగిపోవాలి. పొడిబారేదాకా రెండో చెంచా లేదు. ఇది మాత్రం రూలు."

బైండరు దాన్ని అట్టముక్క మీద రాసి వంటింటి గోడకి మేకు కొట్టాడు. వంట రాకపోయినా ఈ పని ఆయన చేతికి అమరింది. పోగు ఒక్కటి కూడా కనపడకుండా ఉడకబెట్టడం, చుక్క చల్లటి పళ్లెం మీద వేసి వేలితో తాకి పాకం చూడడం, ఇదంతా జిగురు పనే. గట్టిపడ్డాక స్టీలు స్కేలు పెట్టి, అట్టలు కోసినట్టు సమానంగా ముక్కలు కోసేవాడు. చెంచా పెట్టేవాడు. "ఆ అను" అనేవాడు. చెవి ఆవిడ గొంతు దగ్గర పెట్టి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వినేవాడు. "ఆ" అనేది. మళ్లీ చెంచా. మళ్లీ "ఆ అను." రోజుకి నలభై చెంచాలు, నలభై భయాలు. ఆవిడేమో ముఖం చిట్లించుకుని తినేది. నీళ్లు ముక్కలు ముక్కలుగా నమలాల్సి రావడం ఎవరికి ఇష్టం?

ఒకరోజు చైనా గ్రాస్ అయిపోయింది. వీధి చివర కొట్టువాడి దగ్గరా లేదు.

"అది లేదు గానీ బాబాయ్, ఇది తీసుకెళ్లు. పొడి. జెల్లీకే వాడతారు. దానికన్నా మెత్తగా వస్తుంది. నోట్లో వేసుకుంటే కరిగిపోతుందనుకో!"

బైండరుకి ప్రాణం లేచొచ్చింది. నోట్లో కరిగిపోవడం! తినేదాన్ని మెచ్చుకోవడానికి అంతకుమించిన మాట ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ చేసిన ప్రతిదాన్నీ ఆ మాటతోనే మెచ్చుకున్నాడు. ఆ తర్వాత మెచ్చుకోవడం మానేశాడు, అది వేరే సంగతి. పొట్లం తెచ్చి వేడినీళ్లలో కలిపాడు. ఏదో వాసన, బాగా తెలిసిన వాసన తగిలింది. నలభై ఏళ్లుగా తన చేతులకి అంటుకున్న వాసనే అనుకుని, చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. పుచ్చకాయ రసం వేసి ఫ్రిజ్‌లో పెట్టాడు. మధ్యాహ్నానికి ఎర్రగా, అద్దంలా వచ్చింది.

మొదటి చెంచాకే ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. రెండో చెంచాకి ఎడమచేత్తో ఆయన చొక్కా పట్టుకుని లాగింది, ఇంకా పెట్టమని. రెండు నెలల్లో ఆవిడ తిండి అడగడం అదే మొదలు. బైండరు ఉబ్బితబ్బిబ్బయిపోయాడు. ఆరో చెంచా తర్వాత ఆవిడ "ఆ" కొంచెం తడిగా వినిపించింది. విన్నాడు. పుచ్చకాయ కదా, తడిగానే ఉంటుందిలే అనుకున్నాడు. ఇంకో నాలుగు పెట్టాడు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. బైండరు గిన్నె పట్టుకుని గుమ్మంలోకే ఎదురెళ్లాడు.

"ఇవాళ్టిది చూడండి టీచరమ్మా! నోట్లో పెడితే కరిగిపోతోంది."

ఆమె చెప్పులు విప్పబోతూ ఆగింది. "ఏమన్నారు?"

గిన్నెలోంచి ఒక ముక్క తీసి అరచేతిలో వేసుకుని గుప్పిట మూసింది.  కాసేపటికి ఆమె వేళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు కారి గచ్చు మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"దేంతో చేశారండీ?"

పొట్లం చూపించాడు. ఆమె చదివింది. "ఇది ఎముకల్లోంచి, తోళ్లలోంచి తీసేది. ఒంటి వేడికే నీళ్లయిపోతుంది. చెంచాలో జెల్లీయే గానీ, గొంతు దాకా వెళ్లేసరికి మంచినీళ్లే."

బైండరుకి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఎముకల జిగురు! గట్టిపడకూడదని నలభై ఏళ్లు జిగురు గిన్నెని వేడినీళ్ల గిన్నెలో కూర్చోబెట్టి పని చేసినవాడు తనే. వేడి తగిలితే నీరు, చల్లబడితే గట్టి. ఆ సంగతి కొట్టువాడికి తెలియకపోవచ్చు. తన ముక్కు చెప్పింది, తను వినలేదు. ఆవిడ గొంతు చెప్పింది, అదీ వినలేదు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

టీచరమ్మ ఆవిడ మెడ మీద, వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది. "ఇప్పుడే ఏం చెప్పలేం. మూడు రోజులు కనిపెట్టి ఉండండి. జ్వరం గానీ, ఆయాసం గానీ, గరగర గానీ వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. జెల్లీ మాత్రం ఆపకండి. పాత పద్ధతిలోనే చేసి పెట్టండి." తన సంచిలోంచి ఒక చైనా గ్రాస్ పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

ఆమె వెళ్లాక బైండరు మంచం పక్కన కూలబడి, భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు చేశానే. నా చేతులతో నేనే పోశాను."

"పోనీలే," అంది ఆవిడ.

క్షమించి అందో, వేరే మాట లేక అందో ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క మాటే ఉన్న మనిషిని క్షమాపణ అడగడం కూడా మోసమే అనిపించి బైండరు ఏడ్చాడు.

ఆ మూడు రోజులూ ఆయన అన్నం సహించక టీ నీళ్ల మీదే బతికాడు. కుర్చీ మంచానికి ఆనించి వేసుకుని, ఆవిడ ఛాతీ లేచి పడడం చూస్తూ కూర్చున్నాడు. కొంచెం వేగంగా లేచినట్టుంటే ఆయన ఊపిరి ఆగేది. థర్మామీటరు పెట్టీ పెట్టీ ఆవిడ చంక నొప్పి పెట్టి ఉంటుంది. తొంభై ఎనిమిది. తొంభై ఎనిమిదిన్నర. రెండోరోజు మధ్యాహ్నం తొంభై తొమ్మిది దాటి రెండు గీతలు. ఆస్పత్రి ఫైలు సంచిలో పెట్టి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరే నిలబడిపోయాడు. గుడ్డతో కట్టేసిన చెయ్యి కళ్లముందు గుప్పిట మూసి తెరుస్తోంది. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోందని అప్పుడు కనపడింది. తెర వేసి, గంట ఆగి మళ్లీ చూశాడు. తొంభై ఎనిమిదిన్నర. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోందని అప్పుడు కనపడింది. 

ఇంతలో ఇంకో ఘోరం ఆయనే చేస్తున్నాడు. జెల్లీ ఆపేశాడు. చిక్కటి జావ నాలుగు చెంచాలు పెట్టి చాలించేవాడు. చెంచా ఎత్తితే చెయ్యి ఆవిడ నోటి దాకా వెళ్లేది కాదు. మూడోరోజుకి ఆవిడ పెదాలు పగిలాయి, నాలుక తడారి అట్టకట్టింది.

టీచరమ్మ ఫోన్ చేసి, విషయం విని కేకలేసింది. "భయపడి మానేస్తే ప్రమాదం తప్పిపోతుందా అండీ? ఒంట్లో నీళ్లు లేకపోతే ఎవరైనా ఎన్నాళ్లు ఉంటారు? గొట్టం వద్దనుకుని మీరే ఆమెని గొట్టం దాకా తీసుకెళ్తున్నారు. లేవండి, చేయండి."

లేచాడు. పోగులు నానబెట్టాడు, ఉడకబెట్టాడు, రసం కలిపాడు. గట్టిపడ్డాక ఒక ముక్క గుప్పిట్లో పట్టుకుని గడియారం చూస్తూ నిలబడ్డాడు. అయిదు నిమిషాలు. తెరిచి చూస్తే ముక్క ముక్కలాగే ఉంది. ఇంకో ముక్క నాలుక మీద పెట్టుకుని వంద లెక్కపెట్టాడు. కరగలేదు. ఉమ్మేసి ఇంకోటి పెట్టుకుని మళ్లీ వంద లెక్కపెట్టాడు. మంచం మీంచి ఆవిడ ఈ తతంగమంతా చూస్తోంది.

థర్మామీటరు తొంభై ఎనిమిది చూపించింది. మూడు రోజులు గడిచినట్టే. అయినా చెంచా ఎత్తేసరికి వణుకు మొదలైంది. చెంచా ఆవిడ పళ్లకి టకటకా కొట్టుకుంది. వెనక్కి తీసేశాడు. మళ్లీ ఎత్తాడు. మళ్లీ తీసేశాడు.

"నావల్ల కాదే," అన్నాడు. "నిన్ను నేనే చంపేస్తానేమోనని భయంగా ఉంది."

ఆవిడ ఎడమచెయ్యి చాపి చెంచా లాక్కుంది. గిన్నెలోంచి ఒక ముక్క తీసింది, వంకరగానే. నోట్లో పెట్టుకుంటుందనుకుని బైండరు "గడ్డం దించు, గడ్డం దించు" అని కంగారుపడ్డాడు. చెంచా ఆయన నోటి ముందుకొచ్చి ఆగింది. నోరు తెరవకపోతే పెదాల మీద రెండుసార్లు పొడిచింది. తెరిచాడు. చల్లటి ముక్క నాలుక మీద పడింది. మూడు రోజుల తర్వాత నమిలి మింగిన మొదటి తిండి. కళ్లలోంచి ధారలుగా కారుతుండగా మింగాడు.

ఆవిడ చెంచా గిన్నెలో పెట్టి, చూపుడువేలు ఆయన గడ్డం కింద ఆనించింది. తన చెవి ఆయన గొంతు దగ్గరికి తెచ్చింది. ఎదురుచూసింది. బైండరుకి అర్థం కాలేదు.

ఆవిడ పెదాలు కదిలాయి. ముఖమంతా మెలిపడింది. మాటని రాయి ఎత్తినట్టు ఎత్తి, బయటికి తెచ్చింది.

"అను."

బైండరు కొయ్యబారిపోయాడు. ఇన్నాళ్లుగా, రోజుకి నలభైసార్లు తను అన్న మాట అది.

"అను!" అంది ఆవిడ మళ్లీ, ఈసారి చిరాగ్గా, పాత రేడియో గొంతుతో.

"ఆ," అన్నాడు.

ఏడుపుతో గొంతు పూడుకుపోయి, ఆ 'ఆ' బాగా తడిగా వచ్చింది. ఆవిడ శ్రద్ధగా వింది. తల అడ్డంగా ఊపింది. గిన్నె తన ఒడిలోకి జరుపుకుని, ఆయన గొంతు పొడిబారేదాకా రెండో చెంచా ఇవ్వలేదు.