సొంత తపాలా, పరాయి పెట్టె

అతన్ని అందరూ జెండా అనేవారు. నలుగురు పోగైన చోటల్లా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ జెండా ఎగరేయకుండా వదలడని సొంత అక్కే ఆ పేరు పెట్టింది. "ప్రోగ్రాం లోపల ఏముందో మీకు తెలియకపోతే అది మీది కాదు, మీరే దాని సొత్తు" అన్నది అతని ఆణిముత్యం. బావ పళ్ళ డాక్టరు. ఆ కుర్చీలో నోరు బార్లా తెరిచి పడుకుని కూడా జెండా ఆ మాట అనబోయాడనీ, అందుకే మత్తు ఇంజెక్షన్ కాస్త ముందుగా ఇవ్వాల్సి వచ్చిందనీ బావ చెప్పేవాడు.

అక్కాతమ్ముళ్ళూ, మరో పదిమందీ కలిసి ఒక ప్రోగ్రాం రాసి ఊరికే పంచేవారు. దాన్ని సొంత కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే ఏ కంపెనీ గడపా తొక్కకుండా ఈమెయిల్ నడుపుకోవచ్చు. బడులు, చిన్న పత్రికలు, ఒకటి రెండు ఆస్పత్రులు దాన్ని వాడేవి. బృందం మెయిల్ కూడా దాని మీదే నడిచేది. ఆ యంత్రం ఉండేది అక్క ఇంట్లో, బట్టలుతికే మెషిన్ పక్క అల్మరాలో. అక్క నీటి సరఫరా శాఖలో ఇంజినీరు. పగలంతా ఊరి పైపులు చూసి, సాయంత్రం ఇంటికొచ్చి దీన్ని చూసుకునేది.

ఒక ఆదివారం టైర్ల దుకాణం పైనున్న జెండా గదిలో అందరూ కూర్చున్నారు. బొమ్మలూ రంగులూ చూసే డిజైనర్ ఒక శుభవార్త తెచ్చాడు. ఒక పెద్ద కంపెనీ మనలాంటి బృందాలకు తన మెయిల్ సర్వీసును ఉచితంగా ఇస్తోందట.

"తీసుకుందాం" అన్నాడు జెండా వెంటనే. "మనం ప్రోగ్రాం రాయాలా, ఈ యంత్రం ముందు కూర్చుని ఈగలు తోలుకోవాలా?"

అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒరేయ్, మనం తయారుచేసేదే మెయిల్ ప్రోగ్రాం. మన వంట మనమే తినకపోతే ఊరివాళ్ళెందుకు తింటార్రా?"

"సూత్రం వేరు, సౌకర్యం వేరు అక్కా."

ఓటేయడానికి చేతులెత్తారు. అక్క చెయ్యి ఒక్కటే వద్దని లేచింది. ఆ సాయంత్రమే ఆమె యంత్రం ప్లగ్గు పీకి అటక మీద పెట్టించింది. ఖాళీ అయిన అల్మరాలో బావ చెప్పులు సర్దాడు.

కొన్ని నెలలు కంపెనీ ఇచ్చిన మెయిల్ పెట్టె నిక్షేపంగా నడిచింది. తర్వాత ప్రోగ్రాం కొత్త వెర్షన్ వచ్చిందని వాడేవాళ్ళందరికీ ఒకేసారి కబురు పంపారు. ఒకే ఉత్తరం అంతమందికి వెళ్ళడం చూసి కంపెనీ యంత్రానికి అనుమానం వచ్చింది. పెట్టెకు తాళం పడింది. తెర మీద మర్యాదగా రెండు వాక్యాలు కనిపించాయి: మీ ఖాతాలో అసాధారణ కార్యకలాపం గుర్తించాం. మీరు మీరేనని నిరూపించుకోవడానికి మీ మెయిల్‌కు పంపిన కోడ్ ఇవ్వండి.

ఆ కోడ్ వచ్చేది తాళం పడిన పెట్టెలోకే. ప్రోగ్రాం దాచుకున్న సైటు పాస్‌వర్డ్ మార్చుకుందామన్నా, వెబ్‌సైటులో ఒక ముక్క రాద్దామన్నా, అన్నిటికీ ఆ పెట్టే ఆధారం. జెండా కంపెనీ సహాయ కేంద్రానికి రాశాడు. యంత్రం జవాబిచ్చింది. మళ్ళీ రాశాడు. మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మా సేవకు ఎన్ని స్టార్లిస్తారు అని అడిగింది.

ఇంతలో ఒక ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఆవిడ ఎలాగో అతని నంబరు పట్టుకుని ఫోన్ చేసింది.

"మీ ప్రోగ్రాంలో కన్నం ఉందండీ. బయటివాళ్ళు దూరి రోగుల మెయిల్స్ చదివేయొచ్చు. మీకు రాస్తే ప్రతిసారీ తిరిగొచ్చేస్తోంది."

"మా మెయిల్‌కి చిన్న ఇబ్బంది వచ్చిందండీ."

"మీ ప్రోగ్రాం మీద నడుస్తోందా?"

జెండాకు పరాయి కంపెనీ పేరు చెప్పక తప్పలేదు.

"ఓహో. మీరే వాడరన్నమాట. సరే, మేమూ వాళ్ళ దగ్గరికే మారిపోతాం" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

మర్నాడు సెలవు పెట్టి కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. అద్దాల మేడ, పాలరాతి నేల, బల్ల వెనక చిరునవ్వుతో ఒకమ్మాయి.

"ఇక్కడ ఖాతాల విషయం ఎవరూ చూడరు సార్. మీరు మెయిల్ చెయ్యండి."

"అదే పనిచెయ్యట్లేదమ్మా."

"ఆ సంగతే మెయిల్ చెయ్యండి సార్" అంది పాపం, మనస్ఫూర్తిగా.

అవసరం వస్తే గాడిద కాళ్ళైనా పట్టుకోవాలంటారు. ఇక్కడ పట్టుకుందామంటే గాడిదే కనిపించలేదు. అక్కడినుంచి జెండా నేరుగా అక్క ఇంటికి వెళ్ళాడు.

"ఆ యంత్రం దించక్కా. నీదే రైటు."

తెగ సంతోషిస్తుందనుకున్నాడు. అక్క సోఫాలోంచి లేవలేదు.

"అల్మరాలో ఇప్పుడు చెప్పులున్నాయిరా. నాకు సాయంత్రాలున్నాయి. ఈత నేర్చుకుంటున్నా."

"మన స్వేచ్ఛ అక్కా..."

"స్వేచ్ఛ మీ అందరిదీ, చాకిరీ నా ఒక్కదానిదీనా? ఇన్నేళ్ళలో ఒక్కడైనా 'అక్కా, ఈ ఆదివారం నేను చూస్తాలే' అన్నాడా? ఆ కంపెనీవాళ్ళు నయం. జీతమిచ్చి చేయించుకుంటారు."

జెండా సోఫా పక్కన నేల మీద కూర్చుని, "మొదటి వారం నాది. ఎలా చెయ్యాలో చెప్పు" అన్నాడు.

అక్క వంతులవారీ పద్ధతి పెట్టింది. యంత్రం టైర్ల దుకాణం పైకి మారింది. మొదటి వారంలోనే డిస్క్ నిండింది, కరెంటు పోయింది, కష్టపడి పంపిన ఉత్తరాల్లో సగం ఆ పెద్ద కంపెనీ మెయిల్ వాడేవాళ్ళ స్పామ్ చెత్తబుట్టలో పడ్డాయి. బావకు పంపింది కూడా. జెండా కళ్ళ కింద నలుపు తేలింది. కన్నం మాత్రం పూడ్చి, ఆ సంగతి వాడేవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాడు. ఆస్పత్రి ఆవిడ విని, థాంక్సండీ అంది. తిరిగి మాత్రం రాలేదు.

నెల తిరగకుండానే కంపెనీ తాళం తీసింది. ఎందుకు వేసిందో చెప్పలేదు, ఎందుకు తీసిందో అసలే చెప్పలేదు. డిజైనర్ ఎగిరి గంతేశాడు. "వెనక్కి వెళ్ళిపోదాం! ఓటేద్దాం!"

"వేద్దాం" అన్నాడు జెండా. "మళ్ళీ తాళం పడ్డప్పుడు ఆ అద్దాల మేడకి ఎవరెళ్తారో ముందు అది తేల్చండి. నేనైతే వెళ్ళను."

ఎవరూ ముందుకు రాలేదు. పాత ఉత్తరాలన్నీ దించుకుని ఆ ఖాతా మూసేద్దామని తీర్మానమైంది. పై వారం వంతు డిజైనర్‌కి పడింది. అతను మూతి ముడుచుకుని, యంత్రానికి బొట్టుబిళ్ళంత ఎర్ర దీపం ఎందుకుందని అడిగాడు.

"అది వెలిగితే నువ్వు లేవాలి" అంది అక్క, ఈత సంచి భుజాన వేసుకుంటూ.