గోడలు ఆయనవి, తలుపులు మావి

ఆత్మకూరు ఫంక్షన్ హాల్లో ఆ ఆదివారం రెండు వందల మంది ఇండ్ల ఓనర్లు ఏసీ కింద కూర్చుని, పేదవాణ్ణి ఇంట్లోంచి ఎట్లా గెంటాలో నేర్చుకున్నారు. నిజం! వేదిక మీద బ్యానర్ కూడా కట్టారు: ‘భవన యజమానులకు, రియల్ ఎస్టేట్ పెట్టుబడిదారులకు ఆచరణాత్మక సలహాలు’.

“కోర్టుకు మాత్రం పోవద్దండీ,” అన్నాడు కోటు వేసుకున్న సలహాదారు. “తీర్పు మీ మనవళ్ళ కాలానికొస్తుంది. బాడుగకున్నవాడు పనికి పోయినప్పుడు మీ తాళం వేసేయండి. తిట్టొద్దు, కొట్టొద్దు. సాయంత్రానికి వాడే కాళ్ళబేరానికొస్తాడు.”

హాలంతా నవ్వులు, చప్పట్లు. అందరికీ కానుకగా చెక్క స్పూన్లు పంచుతున్న సాయిరా చేయి ఆగిపోయింది. ఆ స్పూన్లు ఉదయగిరిలో చెక్కింది ఆమే, ఆమె సందువాళ్ళే. ముందు వరసలో కూర్చుని బుద్ధిగా రాసుకుంటున్నది ఎవరనుకున్నారు? వాళ్ళ ఇండ్ల ఓనరు రాజమోహన్! ఆరిండ్లూ కూల్చి కాంప్లెక్సు కడతానని, ఖాళీ చేయమని రెండు నెలలుగా పోరుతున్న పెద్దమనిషి. స్పూను అందుకున్నాడే గాని ఆమె మొహం కూడా చూడలేదు.

మంగళవారానికే సలహా అమలైంది. సాయిరా కర్రల మోపుతో సందులోకి వచ్చేసరికి ఎదురింటి ఓబమ్మ తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది. కూలికి పోయి వచ్చిన ఓబమ్మ గడప ముందు కూలబడి, ఉబ్బసంతో ఎగశ్వాస తీస్తోంది.

“మందు... గూట్లో ఉండాది సాయిరా...”

సాయిరా రాజమోహన్‌కు ఫోన్ చేసింది.

“ఖాళీ చేస్తామని ఆరిండ్లోళ్ళూ సంతకాలు పెట్టండి. తాళంచెవి పంపిస్తా,” అని పెట్టేశాడు.

పక్కింటి గఫార్ రాయి ఎత్తాడు.

“ఆగరా!” అని అడ్డం పడ్డాడు అబ్దుల్ రజాక్. సందులో అందరికీ ఉలి పట్టడం నేర్పిన ముసలాయన. “తాళం పగిలితే కేసు పెడతాడు. సంతకం పెట్టేస్తే పోతుంది కదా. పెద్దోళ్ళతో మనకేందిరా?”

సాయిరా ఆయన ముందుకు చేయి చాచింది. “మెత్తగా ఉంటే మొత్తబుద్ధవుతాది చాచా! ఈరోజు ఓబమ్మక్క, రేపు నువ్వు. తాళాన్ని ఎవరు ముట్టుకుంటారు? ఉలి ఇయ్యి నాకు.”

రెండు రెక్కల తలుపు అది. సాయిరా ఆ పక్క, గఫార్ ఈ పక్క రెక్కల్ని గుమ్మానికి పట్టి ఉంచే బందుల శీలలు తట్టి ఊడదీశారు. తాళం తాళంగానే ఉంది, రెక్కలు రెండూ కలిసి ఒక్కటిగా చేతుల్లోకి వచ్చాయి. మందు పీల్చి ఓబమ్మ ఊపిరి తీసుకున్నాక గానీ సందు ఊపిరి తీసుకోలేదు.

అక్కడే మీటింగు మొదలైంది.

“రేపు మిగతా ఇండ్లకూ వేస్తాడు,” అన్నాడు గఫార్.

“తలుపుంటే కదా వేసేది! అందరం తీసేద్దాం,” అంది సాయిరా.

“వాకిలి తెరిచిపెట్టుకుని ఆడపిల్లలతో ఎట్లా పడుకునేది?” ఎవరో గొణిగారు.

“తలుపుండబట్టే గదా నేను బయట చావబోయినాను!” అంది ఓబమ్మ. “తీయండి. కాపలా నేనుంటా.”

అంతే, ఇక మాట్లాడినవి ఉలులే.

బుధవారం పొద్దున్నే సంచీడు తాళాలతో దిగాడు రాజమోహన్. చూస్తే ఆరు గుమ్మాలూ బోసిగా ఉన్నాయి. సందుకు అడ్డంగా ఆరు తలుపులు నిలబెట్టి, వాటి వెనక జనం నిలబడి ఉన్నారు. నడుమ ఓబమ్మ తలుపుకు ఆయన తాళమే వేలాడుతోంది.

“ఏదీ పగలగొట్టలేదు సార్. మీ తాళం మీరు తీసుకోండి,” అంది సాయిరా.

తేలు కుట్టిన దొంగలా అయిపోయింది ఆయన మొహం. ఆయన ఫోన్ చేసిన కాసేపటికే పోలీసు జీపు వచ్చింది.

“నా ఇండ్ల తలుపులు పీకేసినారు ఎస్సైగారూ! దొంగతనం కేసు రాయండి!”

అప్పుడు కదిలాడు రజాక్. నిన్న సంతకం పెట్టమన్న రజాకే. ఒక తలుపును వెనక్కు తిప్పి, దాని మీద చెక్కి ఉన్న పేరు చూపించాడు. “ఇది మా నాయన పేరు సార్, ఆయనే చెక్కినాడు. వీళ్ళ నాయన మాకిచ్చినవి గోడలూ రేకులే. ‘చెక్కపనోళ్ళకు నేను తలుపులు చేయించేదేందిరా’ అన్నాడు. గోడలు ఈయనవి. తలుపులు మావి!”

“మావి!” అని అరిచింది సందంతా.

ఎస్సై ఆ పేరు చదివాడు. చదివి కూడా, దారికి అడ్డం పెట్టారన్న నేరం మీద సాయిరాను జీపెక్కించాడు. థూ, ఓబమ్మ చావబోయిన మంగళవారం రాని జీపు, తలుపుల కోసం పరుగెత్తుకొచ్చింది! జీపు ముందు పడుకోబోయిన గఫార్‌ను సాయిరా వద్దంది. “నువ్వు తలుపుల కాడ ఉండరా,” అంది.

జీపు మలుపు తిరిగింది. పక్క సందులోవీ రాజమోహన్ బాడుగ ఇండ్లే. ఈ చివర నుంచి ఆ చివర దాకా టకటకమని ఉలి దెబ్బలు వినిపిస్తున్నాయి.

“ఏందా చప్పుడు?” అన్నాడు ఎస్సై.

సాయిరా కిటికీలోంచి చూసింది.

“తలుపులు తీస్తా ఉండారు సార్.”