పాత కేబుళ్లు

పధ్నాలుగో అంతస్తు పైన, లిఫ్టు మోటారు గదిలో, మంచినీళ్ల సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టిన మెకానిక్కుకి తగలకూడనిది తగిలింది.

మందపాటి ప్లాస్టిక్ కవరు. సీలు కూడా విప్పలేదు. లోపల చుట్టలు చుట్టిన నల్లటి కేబుళ్లు.

పొద్దున చెల్లి కంప్యూటర్‌కి, లోపలి భాగాలకు కరెంటు అందించే కొత్త పవర్ సప్లై బిగించి, దాని అట్టపెట్టెను దారిలో పారేద్దామని సంచిలో కుక్కుకుని డ్యూటీకి వచ్చాడు. పెట్టె ఖాళీదే అనుకున్నాడు. ఇప్పుడు అందులోంచి జారిన కవరు మీద ఎర్రటి అక్షరాలు కనిపిస్తున్నాయి: 'ఈ కేబుళ్లు తప్ప వేరేవి వాడరాదు.'

అతను వాడింది వేరేవే. ఏడేళ్ల కిందట ఆ గేమింగ్ కంప్యూటర్‌ని కట్టింది అతనే. లోపల ఒక్కో కేబులూ జడ అల్లినట్టు అల్లి, క్లిప్పులు పెట్టి, వచ్చినవాళ్లందరికీ పక్క మూత తీసి మరీ చూపించేవాడు. అంత ముచ్చటైన పనిని చెడగొట్టడానికి చేతులు రాక, పాత పవర్ సప్లైని మాత్రం లాగేసి, కొత్తదాన్ని ఆ కేబుళ్లకే తగిలించాడు. ప్లగ్గులన్నీ టక్కున పడ్డాయి. ఈల కూడా వేశాడు.

వెంటనే కంప్యూటర్ షాపు ముసలాయనకు ఫోన్ చేశాడు. ఊరంతా ఆయన్ని స్క్రూ బాబాయ్ అంటారు.

"బాబాయ్, కొత్త పవర్ సప్లైకి పాత కేబుళ్లు పెడితే ఏమవుతుంది?"

అవతల ఏదో పనిముట్టు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఒరేయ్ లిఫ్టూ, హార్డ్ డిస్కు వైపు ప్లగ్గు అందరిదీ ఒకటేరా. సప్లై వైపు మాత్రం ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. అయిదు వోల్టులు పోవాల్సిన చోటికి పన్నెండు పోతాయి. డిస్కు రెప్పపాటులో మాడిపోతుంది. ఆన్ చేశారా?"

"ఇంకా లేదు. డ్యూటీకి టైమైపోయి, రెండింటికి మందులు వేసుకున్నాక నువ్వే ఆన్ చెయ్యమని చెల్లికి చెప్పొచ్చాను."

"ఇప్పుడు టైమెంత?"

ఒకటీ నలభై.

కవరును సంచిలో కుక్కేసి లేచాడు.

చెల్లికి మాట లేదు. మూడు వారాల కిందట జరిగిన ఆపరేషన్‌లో ఆమె స్వరపేటిక తీసేశారు. దానికి ముందు నెల రోజులు, గేములు ఆడేటప్పుడు వాడే మైకు ముందే కూర్చుని, పదహారు వందల వాక్యాలు చదివి రికార్డు చేసింది. వాటిని ఒక కంపెనీకి పంపిస్తే, ఆమె టైపు చేసిన మాట ఆమె గొంతుతోనే పలికేలా తయారుచేసి ఇస్తారు. అవన్నీ ఆ పాత డిస్కులో ఉన్నాయి. అక్కడ తప్ప ఇంకెక్కడా లేవు. కాపీ పెట్టిన ప్రతిసారీ అయిదు నిమిషాలకల్లా ఆ కంప్యూటర్ గుడ్లు తేలేసేది.

'దీని పని అయిపోయింది. కొత్తది కట్టు' అని మొన్నే పలక మీద రాసింది చెల్లి.

"ఒక్క పవర్ సప్లై మారిస్తే ఇంకో అయిదేళ్లు గుర్రంలా పరుగెడుతుంది. నీకేం తెలుసే?" అన్నాడు అతను.

"డిస్కు పట్రా, పది నిమిషాల్లో కాపీ చేసిస్తాను" అని స్క్రూ బాబాయ్ కూడా అన్నాడు. "నా చేతుల మీద నమ్మకం లేదా బాబాయ్?" అని అతను నవ్వేశాడు.

చెల్లికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. ఎత్తి ఏం చెప్పాలని, ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆమె ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టేసింది. 'ఆన్ చెయ్యకు' అని మెసేజ్ పెట్టాడు. చూడలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

లిఫ్టు వైపు పరుగెత్తి, తలుపు దగ్గర టక్కున ఆగాడు. 'మరమ్మతులో ఉంది.' ఆ బోర్డు తగిలించింది తనే. మోటారు మూత విప్పి పెట్టిందీ తనే.

మెట్లు. పధ్నాలుగు అంతస్తులు. తొమ్మిదో అంతస్తులో కూరల సంచీతో ఆయాసపడుతున్న పెద్దావిడ దారికి అడ్డంగా నిలబడింది.

"ఏమయ్యా, లిఫ్టు బాగుచెయ్యమంటే నువ్వే మెట్లు దిగుతున్నావేంటి? మా బతుకు ఇంతేనా?"

"వచ్చేస్తానమ్మా, అరగంట!" అని ఆమె సంచిని దాటి దూకాడు.

బండి స్టార్టయ్యేసరికి ఒకటీ నలభై తొమ్మిది. మొదటి సిగ్నల్ దగ్గర ఎర్రదీపం. తొంభై నుంచి అంకెలు ఒక్కోటీ తగ్గుతున్నాయి. పక్క కారులో ఎవరో బిగ్గరగా నవ్వారు. చెల్లి నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు. మూడు వారాలకే రాకపోతే మూడేళ్లకి? దీపం మారకముందే వెనక బండి హారన్ కొట్టింది, అతను ముందుకు ఉరికాడు.

వీధి మలుపులో రోడ్డు తవ్వేశారు. బండిని అక్కడే పడేసి పరుగెత్తాడు. గేటు తోసేసరికి రెండూ ఆరు.

గుమ్మంలోనే వాసన తగిలింది. మాడిన ప్లాస్టిక్ వాసన.

చెల్లి నేల మీద కూర్చుని ఉంది. టేబుల్ కింద కంప్యూటర్ చీకటిగా ఉంది. లోపల్నుంచి సన్నటి పొగ.

"ఆన్ చేశావా?"

ఆమె తలూపింది. రెండు చేతులూ ఠప్పున విప్పి చూపించింది. పేలిందని.

అతను ఆమె ముందే చతికిలబడ్డాడు.

"నేనే చేశాను. నా చేతుల్తో నేనే నీ గొంతు..."

ఆమె అతని భుజం తట్టింది. పక్క మూత తియ్యమని సైగ చేసింది. అతనికి చూడాలని లేదు. అయినా తీశాడు. జడలా అల్లిన కేబుళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మదర్‌బోర్డుకి వెళ్లేదాని చివర నల్లగా మాడింది. డిస్కుకి వెళ్లేది ఊరికే వేలాడుతోంది. డిస్కు ఉండాల్సిన అర ఖాళీగా ఉంది.

"డిస్కు ఏదీ?"

ఆమె పలక తీసుకుంది. బలపం కిర్రుమంది.

'ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు నర్సు ఏం చేసింది?'

అతనికి గుర్తుంది. ఉంగరం, చెవిపోగులు, గొలుసు, అన్నీ తీయించి అతని చేతిలో పెట్టింది.

ఆమె తుడిచి మళ్లీ రాసింది. 'దీనికీ ఆపరేషనే కదా. నువ్వు డ్యూటీకి వెళ్లగానే డిస్కు తీసేశా. బతుకుతుందో లేదో చూసి, తర్వాత పెడదామనుకున్నా. చేసింది నువ్వు మరి.'

మంచం మీద దిండు కింద నుంచి ఒక ఉన్ని టోపీ తీసింది. టోపీలో డిస్కు.

అతను దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వే పట్టుకో. నేను బండి మాత్రం నడుపుతాను."

షాపులో స్క్రూ బాబాయ్ ఒక్క మాటైనా తిట్టలేదు. అది తిట్టడం కన్నా భయంగా ఉంది. డిస్కును తన కంప్యూటర్‌కి తగిలించి మీట నొక్కాడు. చప్పుడు లేదు. ఒక సెకను. రెండు. మెకానిక్కు గోడకు ఆనుకున్నాడు. దారిలో గుంతలో ఎగిరిపడింది బండి. అప్పుడేమైనా అయిందా?

గర్రుమని సన్నగా తిరిగింది డిస్కు. స్క్రీన్ మీద ఫైళ్లు వరుసగా వచ్చాయి.

"లోపల గొంతు ఉందో లేదో తెరవందే చెప్పలేను" అన్నాడు బాబాయ్, హెడ్‌ఫోన్లు చెల్లికి అందిస్తూ.

ఆమె వాటిని పెట్టుకుని, జాబితాలో కిందికి కిందికి వెళ్లి ఒకదాన్ని నొక్కింది. ముఖంలో ఏమీ కదల్లేదు. అతను ఆ ముఖాన్నే చూస్తున్నాడు. ఆమె కళ్లు నిండాయి. దేనికి? ఉందనా, పోయిందనా?

ఆమె హెడ్‌ఫోన్లు తీసి అతని చెవులకు పెట్టి, మళ్లీ నొక్కింది.

ముందు ఊపిరి. తర్వాత చిన్న దగ్గు. ఆ తర్వాత, పక్కనే నిలబడి అన్నంత దగ్గరగా, ఆ గొంతు:

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, నా కంప్యూటర్ జోలికి మాత్రం రాకు."

అతను గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి పలక అతని ముక్కు ముందు ఉంది. 'మరి కొత్తది?'

"కొత్తదేనే" అన్నాడు. "బాబాయ్ కడతాడు. నేను ఆ మూల కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంటాను."