ఆఖరి ఎనిమిది పేజీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మార్కాపురంలో అందరికీ తెలుసు. కానీ పన్నెండు రోజులైనా నవల ఆఖరి ఎనిమిది పేజీలు అచ్చుకు ఎక్కకపోతే ఎవరికి రాదు కోపం? శివరాత్రి తిరునాళ్లు వారంలోకి వచ్చాయి. ఆ జనంలో అమ్ముకోకపోతే నా పుస్తకం మళ్లీ ఎవరు కొంటారు?

పుస్తకం నేనే రాస్తాను, నేనే అచ్చు వేయించుకుంటాను, సంచీలో వేసుకుని ఊరూరా నేనే అమ్ముతాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు మొదలైన పని ఇది. తెల్లారకముందే లేచి రెండు గంటలు రాసి, తర్వాత పలకల కంపెనీకి పోయి చెక్క చట్రాలు బిగిస్తాను, సాయంత్రం పుస్తకాల సంచీ మోస్తాను. "పొద్దున రాత, మాపున మోత" అని మా ఆవిడ రమణమ్మ ఎగతాళి. ఇదివరకు వేసినవి మూడూ రాజకుమారుల కథలు. బస్టాండు దగ్గర బాగానే పోయాయి.

ఈ నాలుగోది మా అక్క చెంచమ్మ కథ. పలకరాయి గనిలో తట్ట మోసేది. పద్నాలుగేళ్ల కిందట రాతిగట్టు విరిగి మీద పడింది. మర్నాడు ఆమె తట్ట ఇంకొకామె ఎత్తుకుంది, పని సాగిపోయింది. మా ఇంట్లోవాళ్లం తప్ప ఎవరూ ఏడవలేదు. మాకేమీ కాని మనిషి ఒక్కరైనా ఆమె పోయిందని బాధపడాలి. నేను ఈ పుస్తకం రాసింది అందుకే. మద్రాసుకు పంపితే, "రాళ్లు మోసే ఆడదాని గోల ఎవరు చదువుతారయ్యా" అని ఒక ప్రచురణకర్త తిప్పి పంపాడు. అతను చెప్పిందే నిజమేమోనని అప్పటినుంచీ నాకు లోపల బెదురు.

బ్రహ్మంగారి ప్రెస్సులో ఉన్న టైపు, అంటే సీసం అక్షరాలు, ఎనిమిది పేజీలకే సరిపోతుంది. అవి కూర్చి, అచ్చు కొట్టి, అక్షరాలు విడదీసి మళ్లీ గళ్లల్లో వేస్తేగాని తర్వాతి ఎనిమిదీ మొదలుకావు. కూర్చే పని నాగయ్యది. యాభై దాటిన మనిషి. "నేను అక్షరం చూస్తా గానీ కథ చూడను అల్లుడూ" అని మొదటిరోజే చెప్పాడు.

ఆ సాయంత్రం పోయేసరికి బీడీ తాగుతూ కూర్చున్నాడు. నా కాగితాలు ముట్టనివి ముట్టనట్టే పక్కన ఉన్నాయి.

"ఏంది మామా, నా పని మూలకేసినావు?"

"టైపు చాల్లేదు అల్లుడూ."

"మొన్న సంఘం నోటీసుకు చాలింది గదా?"

"కండ్లు సరిగా ఆనడం లేదు."

"బీడీ కొస మాత్రం బాగా ఆనుతా ఉందే. చేతగాకపోతే చెప్పు, గిద్దలూరు పోయి వేయించుకుంటా."

నాగయ్య బీడీ నేలకేసి రుద్దాడు. "నూటొకటో పేజీలో ఆ పిల్లను చంపినావు గదా," అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మళ్లీ అందుకున్నాడు. "తమ్మునికి కూడు పెట్టి తాను గంజినీళ్లు తాగిన పిల్ల. ఇన్నాళ్లూ ఈ చేత్తో పెంచినా. ఇప్పుడు ఈ చేత్తోనే దాని నెత్తిన రాళ్లు వెయ్యమంటే నాతో కాదు. ఇంకా అచ్చు కాలేదు, మార్చొచ్చు. ఆ పొద్దు జొరం వచ్చిందని రాయి. పనికి పోదు, బతుకుతది."

కథ చూడనన్న మనిషి నాగయ్య! నాకు సంతోషమేసింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. మరుక్షణం గడప మీద కూలబడ్డాను.

"జొరం నిజంగానే వచ్చింది మామా," అన్నాను. "ఆ పిల్ల మా అక్క. ఆ పొద్దు లేవలేక పడుకుంటే నేనే లేపినా. నాకు వాచకం కొంటానంటివి గదా, కూలికి పో అని పోరు పెట్టినా. అట్లనే పోయింది."

"పుస్తకంలో ఆ మాట లేదే."

"రాయలేదు."

నాగయ్య లేచాడు. కాగితాలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "అది రాయి. రాస్తే కూరుస్తా. లేదంటే గిద్దలూరు పో."

పదిమందీ చదివి నన్ను ఏమనుకుంటారోనని భయం వేసింది. అయినా ఆ గడప మీదే కూర్చుని, అక్క నుదురు పట్టుకు చూడకుండా ఆమెను లేపిన తమ్ముడి గురించి తొమ్మిది వరుసలు రాశాను. రాస్తుంటే ఏడుపు ఆగలేదు. అంతా అయ్యాక కాగితం నాగయ్య చేతికి ఇచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు.

"అప్పుడు నీకు ఎన్నేండ్లు?" అని అడిగాడు.

"పదమూడు."

నాగయ్య కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు.

"అది కూడా రాయి నాయనా," అన్నాడు.