జీరో బల్బు నక్షత్రం

మెసేజ్ వచ్చేటప్పటికి నేను డాబా మీద మోజెస్ యూనిఫాం చొక్కా ఆరేస్తున్నాను. ఎన్నిసార్లు ఉతికినా జేబు మూలల్లోంచి కాస్త సిమెంటు రాలుతుంది. ముక్త్యాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసే మనిషిని పెళ్ళి చేసుకున్న ఈ నెల రోజుల్లో నేను మొట్టమొదట తెలుసుకున్న సంగతి అది. ఆ పొడి కూడా నాకు ముద్దుగానే ఉంది. చొక్కాకి క్లిప్పు పెట్టి, తడిచెయ్యి చున్నీకి తుడుచుకుని ఫోన్ తీశాను.

విజయవాడ నుంచి రోజారమణి గారి గొంతు. పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థకి ఆవిడ సంపాదకురాలు.

"జాయిస్, నువ్వు గీసిన పాప మా అందరికీ నచ్చిందమ్మా. ఆ పసుప్పచ్చ మంకీ టోపీ, శాలువాలోంచి తొంగిచూసే మేకపిల్ల, అవేం మార్చొద్దు. వెనకాల చలికాలం రాత్రి వేసి పంపు. ఆ రాత్రి వెలగాలి. చూసినవాళ్ళకి ఆ వెలుగు దగ్గరకి నడిచి వెళ్ళాలనిపించాలి. అది కుదిరితే పుస్తకంలో పన్నెండు బొమ్మలూ నీవే. ఇంకొకాయన కూడా వేస్తున్నారు, ముందే చెప్తున్నా. సాయంత్రం ఏడున్నరకల్లా పంపు, ఎనిమిదింటికి తేల్చేస్తాం."

మూడుసార్లు విన్నాను. డిగ్రీలో నోటుపుస్తకాల వెనక అట్టల మీద మొదలైన నా బొమ్మలు ఇప్పటిదాకా స్నేహితుల పుట్టినరోజు కార్డులు దాటి వెళ్ళలేదు. పుస్తకం లోపలి పేజీలో 'బొమ్మలు: జాయిస్' అని ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఎన్నాళ్ళుగానో ఆశ. క్లిప్పుల బుట్ట అక్కడే వదిలేసి మెట్లు దిగాను.

మా అత్తమ్మ కృపావతి గారు ముప్పయ్యేళ్ళు జగ్గయ్యపేట పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. వంటింట్లో గోంగూర ఒలుస్తూ మెసేజ్ మొత్తం విన్నారు.

"పన్నెండూ నీవే అంది. కుదిరితే అని కూడా అంది," అన్నారు. "గంతులు ఆపి కూర్చో. వంట నేను చూస్కుంటాలే."

పెళ్ళికి మోజెస్ ఇచ్చిన కానుక ఒక ట్యాబ్, దాని మీద గీసే పెన్ను. కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. ఈ పనిలో నాకిష్టమైంది పొరలు. గాజుపలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఆకాశం ఒక పొర, ఇళ్ళు ఒక పొర, మంచు ఇంకో పొర. అన్నిటి మీదా పాప. ఒకదాన్ని చెరిపినా మిగతావి చెక్కుచెదరవు. మధ్యాహ్నం ఎండలో కూర్చుని రాత్రిని తయారుచేస్తుంటే ఏదో దొంగతనం చేస్తున్నంత సరదాగా ఉంది.

వీధి చివర ఒక చిన్న ఇల్లు, ఇంటి ముందు వెదురు బొంగు, దాని కొసన క్రిస్మస్ నక్షత్రం వేశాను. చలికాలం అంటే నాకు గుర్తొచ్చేది అదే. నందిగామలో మా నాన్న డిసెంబరు మొదటివారంలోనే నక్షత్రం కట్టేస్తారు. లోపల వందవాట్ల బల్బు. వీధి మొదట్లోకే కనపడాలని ఆయన పట్టుదల. ఒక ఏడాది కాగితం మాడి కమురువాసన వచ్చింది. మర్నాడు కొత్త నక్షత్రం వచ్చింది గాని బల్బు మాత్రం అదే.

నా బొమ్మలో నక్షత్రం కూడా అలాగే వెలిగించాను. తెల్లగా, ధగధగా. అది చాలదనిపించి నిండు చందమామని పెట్టాను. ఇళ్ళ కిటికీలన్నిటికీ దీపాలు పెట్టాను.

ఐదింటికి మోజెస్ వచ్చాడు. అత్తమ్మ వినేటట్టుంటే అతన్ని 'అండీ' అంటాను, లేకపోతే 'నువ్వు'. అత్తమ్మ పెరట్లో ఉన్నారు.

"చూడు, ఎలా ఉంది?"

భుజం మీదుగా వంగి చాలాసేపు చూశాడు. "బాగుంది జాయ్."

"బాగుంది అంటే?"

"అంటే... అక్కడెవరన్నా వెల్డింగ్ చేస్తున్నారా?"

దిండు తీసి కొట్టాను. అతను దిండుని పట్టుకునే అన్నాడు, "నిజంగా చెప్తన్నా. చూపు సరాసరి దానిమీదకే పోతంది. పోయి, కళ్ళు జిగేల్మని వెనక్కొచ్చేస్తంది. పాపని చూసేలోపే అలిసిపోతన్నా."

నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం కూడా వేసింది. కాంతి తగ్గించాను. బొమ్మ మొత్తం బూడిద పూసినట్టయింది. పెంచాను. మళ్ళీ వెల్డింగ్. ఆరు అయింది. అవతల ఇంకొకాయన ఈపాటికి పూర్తిచేసి టీ తాగుతూ ఉంటాడనిపించింది.

"అమ్మాయ్, ఇట్రా," అత్తమ్మ వాకిట్లోంచి పిలిచారు. "చీకటి పడుతుంది, నక్షత్రం కట్టాలి. నీ కళ్ళకీ కాస్త గాలి తగలాలి."

బయట చలి మొదలైంది. ఎవరో చెత్త మంట వేసుకున్న పొగ, సందు చివర ఇడ్లీబండి ఆవిరి, రెండూ కలిసి పలచని తెరలా ఇళ్ళ మధ్య నిలబడ్డాయి. మోజెస్ వెదురు బొంగు పట్టుకున్నాడు. ఎర్రకాగితం నక్షత్రంలోకి నేను బల్బు బిగించాను. అది నిన్న మా నాన్న పార్సిల్ పంపింది. వందవాట్లది.

స్విచ్ వెయ్యగానే జామచెట్టు ఆకులు, గోడ మీద పెచ్చులు, ఎదురింటి స్కూటరు నంబరు, అన్నీ కనపడ్డాయి. ఎదురింటి బ్రహ్మయ్య గారు తలుపు తీసి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఏం టీచరమ్మా, మీ ఇంట్లో షూటింగేవన్నా జరుగుతుందా?"

"మా వియ్యంకుడు గారి అభిమానం అన్నయ్యా, కాస్త ఎక్కువైంది," అని అత్తమ్మ నా వైపు తిరిగారు. "ఆపేసెయ్. చల్లారాక విప్పు, చెయ్యి కాలుద్ది."

లోపలికెళ్ళి పడగ్గదిలో రాత్రిళ్ళు వెలిగే జీరో బల్బు తీసుకొచ్చారు. "వరండా లైటు కూడా ఆపు," అన్నారు.

అది బిగించి, వరండా లైటు ఆపి, నక్షత్రం స్విచ్ వేసి మెట్టు మీద నిలబడ్డాను. మొదట ఏమీ కనపడలేదు. చీకటి. తర్వాత ఎరుపు మెల్లగా ఊరింది. కాగితం మడతలు తెలిశాయి, సూదితో పొడిచిన సన్నటి చుక్కలు తెలిశాయి. పొగమంచులో ఆ చుట్టుపక్కల నాలుగడుగులు మాత్రం దానిమ్మగింజ రంగు తిరిగింది. మోజెస్ ముఖం ఒకవైపే వెలిగింది, చెవి అంచు సన్నగా గీతలా. నేను మెట్టు మీద నిలబడ్డదాన్ని కాస్తా నక్షత్రం కింద ఉన్నాను. ఎప్పుడు దిగానో, ఎప్పుడు నడిచానో నాకే తెలియదు.

"పెద్ద బల్బు పెడితే బల్బే కనపడుద్ది," అన్నారు అత్తమ్మ. "చిన్నది పెడితే కాగితం కనపడుద్ది. మనం కూర్చుని అతికించింది కాగితమే కదమ్మా."

నేను అప్పటికే లోపలికి పరుగెడుతున్నాను.

చందమామని తీసేశాను. కిటికీల దీపాలు ఒక్కొక్కటే ఆర్పాను. ఆకాశం పొరని నేరేడుపండు రంగులోకి, ఇంకా లోతుకి దించాను. నక్షత్రం మధ్యలో తెలుపు మొత్తం చెరిపి వేలిగోరంత నారింజ ఉంచాను. దాని చుట్టూ మంచు పొరలో ఎరుపుని, ఉందా లేదా అన్నట్టు రాశాను. చివరికి పాప దగ్గరకొచ్చి టోపీ అంచుకి ఒక గీత, మేకపిల్ల చెవికి ఒక గీత పెట్టాను. చెవి పలచన కదా, వెలుగు అందులోంచి ఇవతలికి వచ్చినట్టు గులాబీరంగు వేశాను. ఆ గీతతో రాత్రంతా కదిలినట్టనిపించింది.

ఏడూ ఇరవై ఏడుకి పంపించాను. మోజెస్ ట్యాబ్‌ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూస్తున్నాడు. వెల్డింగ్ మాట ఎత్తలేదు.

తర్వాత ముగ్గురం నక్షత్రం కింద మెట్ల మీద కూర్చుని వేయించిన పల్లీలు తిన్నాం. దూరంగా చిల్లకల్లు వైపు హైవే లారీల లైట్లు మంచులో కరిగి, ఆకాశం అడుగున చిన్న తెల్లవారుజాములా ఉన్నాయి. ఆ బొమ్మ కూడా ఎప్పుడో ఒకరోజు వెయ్యాలనుకున్నాను. ఎనిమిదీ ఇరవైకి ఫోన్ మోగింది.

"జాయిస్, ఇక్కడ మా అమ్మాయి నీ బొమ్మని ముక్కుకి ఆనించుకుని చూస్తుందమ్మా," అన్నారు రోజారమణి గారు. "ఆ మేక చెవి ఎందుకు వెలిగిందా అని. పన్నెండూ నీవే."

నేను మోజెస్ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానంటే పల్లీలన్నీ మెట్ల మీద దొర్లాయి.

వెంటనే నందిగామకి ఫోన్ చేశాను. మా నాన్న వరప్రసాదరావు గారు సంగతంతా విని రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. తర్వాత అడిగారు, "నేను పంపిన బల్బు పెట్టారామ్మా? వీధి మొదట్లోకి కనపడుతుందా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. అత్తమ్మ ఫోన్ అందుకున్నారు.

"వందనాలు అన్నయ్యగారూ. రేపు మోజెస్‌కి సెలవు, పదింటి బస్సుకి మేం ముగ్గురం మీ ఇంటికి వస్తన్నాం. చీకటి పడిందాకా ఉంటాం. మీరు నిచ్చెన బయటపెట్టి ఉంచండి, బల్బు నేను తెస్తన్నా."